బాల్యమునకొక ప్రదర్శనశాల

సరయేవో నగరమున లోగవినా అను పాత వీధి యొకటి కలదు. కొండవాలున మెల్లగా పైకెక్కు ఆ వీధిలో 32వ సంఖ్య గల భవనమున 2017వ సంవత్సరము జనవరి మాసమున ఒక చిన్న ప్రదర్శనశాల తెరువబడినది. ప్రదర్శనశాల యనగానే రాజుల ఖడ్గములు, రాణుల నగలు, శిలావిగ్రహములు, తామ్రశాసనములు మనసునకు తోచును. అచ్చట అట్టివేవియు లేవు. ఒక బాలిక నాట్యము నేర్చునపుడు తొడిగికొనిన మెత్తని పాదరక్షలు కలవు. ఒక బాలుడు ఏరి కూర్చిన తినుబండారముల పైకాగితములు, ఖాళీ పొట్లములు కలవు. అరిగిపోయిన బొమ్మలు, దినచర్య పుస్తకములు, ఉత్తరములు, పిల్లలు గీసిన చిత్రములు, పొట్టివైపోయిన దుస్తులు కలవు. సంతలో పెట్టినచో వీనిలో పెక్కింటికి రూపాయియైనను రాదు. అయినను వీనిని చూచుటకు దేశదేశములనుండి జనులు వచ్చుచున్నారు. వస్తువు ప్రక్కన, దానిని వాడినవారి మాటలు కొలదిగా వ్రాయబడి యుండును. ఆ మాటలు చదివిన పిమ్మట ఆ పాత బొమ్మ మునుపటివలె కనబడదు.

దీనికి యుద్ధబాల్య ప్రదర్శనశాల యని పేరు. దీనిని నెలకొల్పినది ప్రభుత్వము కాదు. పేరుమోసిన చరిత్రకారుడును కాడు. యుద్ధము నడుమ పిల్లలుగా పెరిగినవారే, పెద్దవారైన పిమ్మట, తమ బాల్యమును తామే ఏరి కూర్చుకొనిరి.

సరయేవో బోస్నియా హెర్జెగోవినా దేశమునకు రాజధాని. మన చరిత్ర పాఠములలో సెరాజివో యని కనబడు నగరమిదియే. ఆస్ట్రియా యువరాజు ఫ్రాన్సిస్ ఫెర్డినాండు 1914 జూన్ 28వ తేదీన ఇచ్చటనే హత్యకు గురియగుటయు, ఆ హత్యయే మొదటి ప్రపంచ సంగ్రామమునకు నిప్పురవ్వ యగుటయు విద్యార్థులెరిగినదే. మిల్యాత్స్క యను సన్నని నది ఈ నగరము నడుమ పారును. పాత బస్తీలో మసీదులు, క్రైస్తవుల దేవాలయములు, యూదుల ప్రార్థనామందిరము ఒకదానికొకటి కూతవేటు దూరములోనే యున్నవి. చుట్టును కొండలు. చలికాలమున ఆ కొండలు మంచుతో తెల్లబడును. 1984లో శీతకాలపు ఒలింపిక్ క్రీడలు ఇచ్చట జరిగినవి. వూచ్కో యను తోడేలు ఆ క్రీడలకు గుర్తు; దాని బొమ్మ పిల్లలకు ప్రీతిపాత్రమయ్యెను. క్రీడాకారులు మంచుబండ్లపై జారుటకై త్రెబెవిచ్ కొండపై మెలికలు తిరిగిన బాటను కట్టిరి.

ఎనిమిదేండ్లు గడచినవో లేదో ఆ బాట ప్రక్కన ఫిరంగులు నిలిచినవి.

అంతవరకు యుగోస్లావియా అను పెద్ద దేశములో బోస్నియా యొక భాగము. ఆ దేశము ముక్కలగుచుండగా 1992లో బోస్నియా ప్రజాభిప్రాయము గైకొని స్వతంత్రమయ్యెను. దానికి సమ్మతింపని సెర్బు సేనలు ఆ సంవత్సరము ఏప్రిల్ మాసమున కొండలపై నిలిచి నగరమును ముట్టడించినవి. 1995 చివర సంధి కుదిరినది; అయినను ముట్టడి పూర్తిగా తొలగుటకు 1996 ఫిబ్రవరి 29వ తేదీ కావలసివచ్చెను. మొత్తము 1425 దినములు. ఆధునిక కాలమున ఏ రాజధానియు ఇంతకాలము ముట్టడిలో నుండలేదు. పదివేల మందికి పైగా మరణించిరి. వారిలో పిల్లలు వందలకొలదిగా నుండిరి. ఏ కొండలు నగరమునకు అందము తెచ్చినవో ఆ కొండలే దానికి బోను ఐనవి.

ఇక ఇంటిలోని సంగతి. విద్యుత్తు లేదు. కొళాయిలలో నీరు లేదు. నీటికొరకు డబ్బాలు పట్టుకొని బారులు తీరవలెను. ఆ బారులపైనను గుండ్లు పడుచుండెను. చలికాలమున పొయ్యిలోనికి ఉద్యానవనములలోని చెట్లు పోయినవి, పిమ్మట కుర్చీలు, బల్లలు పోయినవి, కడకు పుస్తకములును పోయినవి. పగిలిన కిటికీలకు అద్దములకు మారుగా సహాయ సంస్థలిచ్చిన ప్లాస్టిక్ పట్టలను బిగించుకొనిరి. వీధి దాటవలెనన్న పరుగెత్తవలెను, ఏలననగా ఎత్తైన చోటులనుండి గురిచూచి కాల్చువారుండిరి. ఆహారము ఐక్యరాజ్యసమితి విమానములలో వచ్చుచుండెను. 1993లో విమానాశ్రయము క్రింద దాదాపు 800 మీటర్ల పొడవున సొరంగము త్రవ్విరి. దాని గుండ పిండి, మందులు, మనుషులు, ఆయుధములు కూడ రాకపోకలు సాగించినవి. సహాయముగా వచ్చిన డబ్బా మాంసము రుచిని నగరవాసులు ఎంత అసహ్యించుకొనిరనగా, యుద్ధము ముగిసి పదేండ్లు దాటిన తరువాత ఆ డబ్బాకే వీధిలో ఒక స్మారకమును నిలిపిరి. ఏడ్చి ఏడ్చి అలసిన ఊరికి నవ్వుటయు తెలియును.

పిల్లలు ఈ నడుమనే పెరిగిరి. బడులు నేలమాళిగలలోనికి, మెట్లక్రింది చోటులలోనికి మారినవి. ఇరుగుపొరుగువారిలో చదువుకొనినవారు ఉపాధ్యాయులైరి. గుండ్లు ప్రేలునపుడు మాళిగలో చదువు. ఆగినపుడు వాకిట ఆట. బొమ్మ తుపాకులు చేసికొని ఆడిరి, పడిన గుండ్ల తునకలను గోలీలవలె ఏరి దాచుకొనిరి. ఇంట నుండుమని తల్లులు ఎంత చెప్పినను పిల్లలు నెలల తరబడి మాళిగలలో ఉండజాలరు. 1994 జనవరి 22వ తేదీన నగరములో మంచు కురిసియుండెను. జారుడుబండ్లు తీసికొని వాకిటికి వచ్చిన పిల్లలపై గుండ్లు పడి ఆరుగురు మరణించిరి. వారు చేసిన తప్పు, మంచు పడిన దినమున ఆడుకొనుట.

ముట్టడి మొదలగునప్పటికి యస్మింకో హలీలోవిచ్ అను బాలునికి నాలుగేండ్లు. అతడు 1988లో ఆ నగరముననే జన్మించెను. యుద్ధము ముగిసినప్పటికి బడికి పోవు వయసు వచ్చెను. పెద్దలు యుద్ధమును గూర్చి వ్రాసిన గ్రంథములు అప్పటికే పెక్కు వెలువడినవి. సేనానులు, రాయబారులు, పత్రికా విలేఖరులు తమతమ అనుభవములను వ్రాసిరి. పిల్లల పక్షమున జ్లాతా ఫిలిపోవిచ్ అను బాలిక వ్రాసిన దినచర్య లోకమంతట ప్రసిద్ధికెక్కెను. పదునొకండేండ్ల వయసున ఆమె చూచినదానిని చూచినట్లు వ్రాసికొనెను. ఆ పుస్తకము గొప్పదే. అయినను అది ఒక్క బాలిక గొంతు. తక్కిన వేలమందిని ఎవరును ఏమియు అడుగలేదు. అడుగకపోవుటకు కారణమున్నది. యుద్ధములో పిల్లలనగా లోకమునకు రెండు చిత్రములే తెలియును: చనిపోయిన శిశువు, ఏడ్చుచున్న శిశువు. బ్రతికి, ఆడి, అల్లరి చేసి, పెరిగిన పిల్లవాడు ఆ చిత్రములలో ఇమడడు.

2010లో, ఇరువదిరెండేండ్ల వయసున, హలీలోవిచ్ అంతర్జాలము ద్వారా తన తరమువారిని ఒక ప్రశ్న అడిగెను: యుద్ధకాలపు బాల్యమనగా మీకేమి? సమాధానము 160 అక్షరములకు మించరాదని నియమము పెట్టెను. అది చేతిఫోనులో పంపు ఒక సందేశమంత కొలత. ఆ నియమము విచిత్రముగా తోచవచ్చును. నాలుగేండ్ల కాలమును రెండు వాక్యములలో ఇముడ్చుట యెట్లు? అయితే ఆ కొలతయే మేలు చేసెను. పేజీలకొలది వ్రాయుమన్నచో చేయి తిరిగినవారే వ్రాసియుందురు. రెండు వాక్యములన్న ప్రతివారును వ్రాయగలరు. పైగా, వ్రాయుటకు ముందు, ఏ ఒక్క సంగతి చెప్పవలెనని ఎవరికి వారు యోచింపక తప్పదు. వేయికి మించిన సమాధానములు వచ్చినవి. యుద్ధము తరిమినచో ఇతర దేశములలో స్థిరపడినవారు కూడ వ్రాసిరి.

ఆ సమాధానములలో భయమున్నది, ఆకలి యున్నది, మరణమున్నది. వానితోపాటు మాళిగలోని ఆటలున్నవి, చాలకాలమునకు నోట పడిన చాక్లెట్టు ఉన్నది, క్రొవ్వొత్తి వెలుగున చేరిన స్నేహితులున్నారు, తొలిప్రేమలున్నవి. కొందరు ఆ దినములను తలచుకొని బెంగపడుచున్నట్లుగా వ్రాసిరి.

ఇచ్చట ఒక చిక్కు గలదు. తన వీధిలో పొరుగువారు మరణించుచుండగా తాను ఆడుకొంటినని, నవ్వితినని చెప్పుట తప్పా? ఆ దినములను తీపిగా తలచుకొనుట చనిపోయినవారికి ద్రోహము కాదా? చాలమంది ఏండ్ల తరబడి నోరు మెదపకుండుటకు ఈ సంకోచము కూడ కారణమై యుండవచ్చును. కాని వారు బెంగపడుచున్నది యుద్ధమును గూర్చి కాదని ఇంచుక ఆలోచించినచో తెలియును. పదేండ్ల పిల్లవానికి రెండు బాల్యములుండవు. లోకము బాగుపడువరకు ఆగి, పిమ్మట పదేండ్లవాడనగుదునని అతడు కాలముతో ఒడంబడిక చేసికొనజాలడు. ఉన్న ఒక్క బాల్యము గుండ్లక్రింద గడచినది. దానిలోని స్నేహము స్నేహమే, ఆట ఆటయే. తీపిని దాచి చేదునే చెప్పినవాడు సగము అబద్ధమాడినట్లే. చేదును దాచినవాడును అంతే. పెద్దలు వ్రాసిన గ్రంథములలో కొరవడినది ఈ రెండును కలిసిన రుచియే.

ఈ చిన్న జ్ఞాపకములను కూర్చి హలీలోవిచ్ 2013లో ఒక పుస్తకముగా ప్రకటించెను. అది జర్మను, జపాను మున్నగు భాషలలోనికి అనువదింపబడెను.

పుస్తకముతో పని ముగిసియుండవలసినది. కాని మాటలు పంపినవారితో మాటలాడుచుండగా మరియొక సంగతి బయటపడెను. అనేకుల జ్ఞాపకము వెనుక ఒక వస్తువుండెను. ఏదో యొక పెట్టె అడుగున, అటకపైన, బీరువా మూలన దానిని ఇరువదేండ్లుగా దాచుకొనియుండిరి. ఇండ్లు మారిరి, దేశములు మారిరి, దానిని మాత్రము పారవేయలేదు. ఎందుకు దాచితిరన్న సరియైన సమాధానము చెప్పలేనివారును ఉందురు. మాటలను పుస్తకములో ఉంచవచ్చును. ఈ వస్తువులను ఎక్కడ ఉంచవలెను? ఈ ప్రశ్ననుండియే ప్రదర్శనశాల పుట్టినది. హలీలోవిచ్‌తో కలిసి పనిచేసినవారిలో పెక్కురు యువకులు, యువతులు. వారు ఒక్కొక్కరినే కలిసికొని, వస్తువులను స్వీకరించి, వాని కథలను వ్రాసికొనిరి. కొందరు తమ కథలను చెప్పుచుండగా చలనచిత్రములుగా తీసి భద్రపరచిరి.

వస్తువును అడిగి పుచ్చుకొనుట సులభమైన పని కాదు. ఆయుధమును ఇచ్చినవాడు గర్వముతో ఇచ్చును. నాణెములను ఇచ్చినవాడు వెల కట్టి ఇచ్చును. చిన్ననాటి బొమ్మను ఇచ్చువాడు వానిలో ఏ ఒక్కటియు చేయజాలడు. ఇంటిలో ఉన్నంతవరకు అది తన రహస్యము. గాజువెనుకకు చేరిన పిమ్మట ఎరుగనివారు వంగి చూతురు, కొందరు చూడకనే ప్రక్కకు పోవుదురు. ఇచ్చుటకు మనసొప్పనివారిని తప్పు పట్టుటకు వీలులేదు. ఇచ్చినవారికి మాత్రము ప్రదర్శనశాల ఒక మర్యాదను పాటించుచున్నది: వస్తువు కథను ఇచ్చినవారి మాటలలోనే చెప్పును. నిపుణుని వ్యాఖ్య వారి మాటను మింగివేయదు.

నాట్యపు పాదరక్షల సంగతియే చూడుడు. నాట్యశాలకు పోయి వచ్చుట ప్రాణముతో చెలగాటమైన దినములలో ఒక బాలిక నాట్యము మానలేదు. చరిత్ర గ్రంథము ఆ సంవత్సరమును గూర్చి వ్రాయునపుడు ఎన్ని గుండ్లు పడినవో లెక్కించును, ఏ సంధి విఫలమైనదో తెలుపును. ఈ పాదరక్షలకు ఆ పుటలలో చోటు లేదు. అట్లే తినుబండారముల పొట్లములు. వానిలోని తిండి ఎప్పుడో అయిపోయినది. ఆకలిగొనిన పిల్లవాడు తిన్న పిమ్మట కాగితమును కూడ పారవేయక, నునుపు చేసి, వరుసగా కూర్చి దాచెను. తక్కిన దేశముల పిల్లలు తపాలా బిళ్లలు కూర్చునట్లు అతడు వీనిని కూర్చెను. ఏ దేశపు పొట్లము ఏ చలికాలమున వచ్చినదో తెలుపుటకు నేడు చరిత్రకారునికి కూడ అవి పనికివచ్చును. పిల్లవాడు ఆ ఉద్దేశముతో కూర్చెనా యన్నచో, లేదు. రంగులు బాగున్నవని కూర్చియుండును.

ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ స్థాపించిన అంతర్జాతీయ బొమ్మల ప్రదర్శనశాల 1965లో తెరువబడెను. అందలి బొమ్మలు దేశదేశముల వేషములు తొడిగికొని, చెదరని జుట్టుతో నిలిచియుండును. అది బొమ్మల అందమును చూపు చోటు. సరయేవోలోనివి పిల్లలు కౌగిలించుకొని నిద్రించిన బొమ్మలు. వానికి అందము కంటె మాపు ఎక్కువ.

ఈ ప్రదర్శనశాలలో వస్తువులు జాతినిబట్టి గాని మతమునుబట్టి గాని విభజింపబడలేదు. పరదేశపు పాఠకునికి ఇది చిన్న విషయముగా తోచును. బోస్నియాలో ఇది చిన్న విషయము కాదు. యుద్ధానంతరము ఆ దేశపు విద్య జాతుల వారీగా చీలిపోయెను. కొన్ని ప్రాంతములలో ఒకే భవనమున రెండు బడులు ఏర్పడినవి. బొస్నియాకు పిల్లలు ఒక ప్రక్క, క్రొవాటు పిల్లలు ఒక ప్రక్క. వేరువేరు పాఠక్రమములు, కొన్నిచోట్ల ద్వారములును వేరువేరు. "ఒకే కప్పుక్రింద రెండు బడులు" అని వానికి పేరు. ఒకే యుద్ధమును గూర్చి ఒక జాతి పిల్లవాడు చదువు పాఠము ఒకటి, మరియొక జాతి పిల్లవాడు చదువు పాఠము మరియొకటి. పాఠ్యపుస్తకములు వ్రాయువారికి ఇంతకంటె సిగ్గుపడవలసిన స్థితి మరియొకటి యుండదు. అట్టి దేశమున ఒక గుడ్డ ఎలుగుబంటి బొమ్మ ఏ జాతిదని అడుగుటకు ఎవరికిని నోరు రాదు.

అయినను ఒక ఆక్షేపణ కలదు, దానిని త్రోసివేయరాదు. బొమ్మలను, పాదరక్షలను చూపినచో గుండ్లు ఎవరు వేసిరన్న మాట మరుగున పడదా? దోషి ఎవరో చెప్పకుండ దుఃఖమును మాత్రము చూపుట న్యాయమా? ఈ ప్రశ్నకు సమాధానము మరియొకచోట నున్నది. ఐక్యరాజ్యసమితి హేగ్ నగరమున ఒక న్యాయస్థానమును నెలకొల్పెను. సరయేవోను ముట్టడించిన సేనకు నాయకుడైన స్తానిస్లావ్ గాలిచ్‌కు 2006లో యావజ్జీవ కారాగారశిక్ష విధింపబడెను. బోస్నియా సెర్బుల రాజకీయ నాయకుడైన రాదొవాన్ కరాజిచ్‌కు 2019లో అదే శిక్ష స్థిరపడెను. న్యాయస్థానమునకు సాక్ష్యము కావలెను, నేరము కావలెను, పేరు కావలెను. పొట్లములు కూర్చిన బాలునితో దానికి పని లేదు. ఆ బాలునికి న్యాయస్థానముతో పని యున్నది, కాని అది ఒక్కటియే చాలదు. ఈ రెండు పనులు రెండు భవనములలో జరుగుటయే మేలు.

ఐరోపా సమితి 2018వ సంవత్సరపు ప్రదర్శనశాలల బహుమానమును ఈ చిన్న సంస్థకు ఇచ్చెను. తెరచి సంవత్సరమైనను నిండక మునుపే ఆ నిర్ణయము వెలువడినది. పెద్ద భవనములు, పెద్ద ధనము గల ప్రదర్శనశాలలు ఐరోపాలో కొదువ లేవు.

అంతటితో ఆగక సరయేవోవారు ఇతర దేశముల పిల్లలను గూర్చి కూడ యోచించిరి. సిరియా యుద్ధమునుండి తప్పించుకొని లెబనానులో తలదాచుకొనిన పిల్లల వస్తువులను సేకరించిరి. ఉక్రెయినులోను సేకరణ సాగించి, ఆ దేశపు పిల్లల వస్తువులను కీవ్ నగరమున ప్రదర్శించిరి. 2022లో అచ్చట యుద్ధము మరింత విస్తరించిన పిమ్మట ఆ పని యొక్క అవసరము ఇంకను పెరిగినది.

ఇచ్చట పని స్వభావమే మారినది. సరయేవో పిల్లలు ఇరువదేండ్లు గడచిన పిమ్మట, పెద్దవారై, తమ పెట్టెలు తెరచిరి. ఏది ఉంచుకొనవలెనో, ఏది ఇయ్యవలెనో నిర్ణయించుకొనుటకు వారికి వ్యవధి దొరికెను. ఈ పిల్లలు ఇంకను పిల్లలే. ఇల్లు విడిచి వచ్చునపుడు సంచిలో పట్టిన ఒక్క బొమ్మయే వారికి మిగిలియుండవచ్చును. రాత్రి నిద్రపోవుటకు దానితో ఇంకను అవసరముండవచ్చును. దానిని అడుగవచ్చునా? అడిగినచో ఎప్పుడడుగవలెను? తానేమి ఇచ్చుచున్నాడో ఆ పిల్లవానికి తెలియునా? సేకరించువారు ఇట్టి ప్రశ్నలను తప్పించుకొనలేరు. లోగవినా వీధిలోని వస్తువులను ఇచ్చినవారు నేడు నలువది యేండ్లకు అటునిటుగా ఉన్నవారు. వారికిక ఆ బొమ్మలు లేకున్నను నిద్రపట్టును. ఆ నాట్యపు పాదరక్షలు తిరిగి ఇచ్చినను, వాని యజమానురాలి పాదములకు పట్టవు.